సదానందం ఒక్క నాకే పంపిన రిపోర్టు

నిన్న పొద్దున బ్రష్ నోట్లో పెట్టుకునే ఫోన్ చూశాను. మా టెన్త్ బ్యాచ్ గ్రూప్‌లో వరసగా దండాలు. పైకి జరుపుకుంటూ పోతే సదానందం పేరు కనిపించింది.

నమ్మలేదు. వాడి నంబర్‌కే ఫోన్ చేశాను.

వాడి తమ్ముడు ఎత్తాడు. "అవునన్నా, తెల్లారంగనే పోయిండు" అన్నాడు.

ముప్పై ఏళ్ల దోస్తు. పోయిన సంగతి గ్రూప్‌లో అందరితో పాటే నాకూ తెలిసింది. అలా ఎందుకయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

వాడిని ఎరగనివాళ్లకు చెప్తాను. కాజీపేటలో రైల్వే క్వార్టర్ల దగ్గర నెట్ సెంటర్ వాడిది. జిరాక్స్‌లు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, హాల్ టికెట్లు. ఎవరైనా పాస్‌వర్డ్ కొడుతుంటే కుర్చీ తిప్పి గోడ వైపు కూర్చునేవాడు.

ముసలమ్మలు ఫోన్ చేతికిచ్చినా తీసుకోడు. "ఓటీపీ నాకు చెప్పొద్దవ్వా. నువ్వే చూసి నువ్వే కొట్టు" అంటాడు. ఆ అవ్వ ఒక్కో అంకె వెతికి కొట్టేసరికి వెనక లైన్ అంతా సణుగుడు.

మేం వాడికి గోడ సదానందం అని పేరు పెట్టాం.

ఒకసారి ఇద్దరం మిర్చి బజ్జీలు తింటున్నాం. వాడి చేతిలో బజ్జీలు కట్టిన కాగితం ఎవరిదో ఆధార్ జిరాక్స్. ఫొటో, నంబర్, అడ్రస్ అన్నీ ఉన్నాయి, నూనె మరకల కింద. బజ్జీ పక్కన పెట్టేశాడు. షాపుకు పోయి, పాత పేపర్ల కట్ట తెచ్చి బజ్జీల బండి ఆమెకిచ్చి, ఆమె దగ్గరున్న చిత్తు జిరాక్స్‌లన్నీ పట్టుకుపోయాడు. అక్కడే కూర్చుని ఒక్కొక్కటీ చింపాడు.

నేను పడీ పడీ నవ్వాను. "నీకేమన్న పిచ్చా రా" అన్నాను.

ఫోన్ల విషయంలోనూ అంతే. ఏ యాప్ వేసుకున్నా ముందు అది ఏమేం అడుగుతోందో చదివేవాడు. "టార్చిలైటుకు నీ ఫోన్ల నంబర్లెందుకు రా సంపత్? ఎలుగిచ్చుడే కదా దాని పని" అనేవాడు. మెసేజ్‌లు చదవని, మన వివరాలు ఎవరికీ అమ్మని యాప్ ఒకటి వెతికి నా ఫోన్లో కూడా వేశాడు. నేను దాన్ని రెండు నెలలు తెరవలేదు.

పోయిన మార్చిలో తెరిచాను. వాడే ఫోన్ చేసి తెరవమన్నాడు. అందులో వాడి స్కానింగ్ రిపోర్టు ఉంది.

కింద రాశాడు. "ఒక్క నీకే పంపుతాన. శ్రావ్య ఇంటర్ పరీక్షలైనంక నేనే చెప్త. అప్పటిదాక ఇంట్ల ఎవ్వలకు తెల్వద్దు."

శ్రావ్య వాడి కూతురు. రిపోర్టు ఒక్కసారి చూస్తే మాయమయ్యేలా పంపాడు. స్క్రీన్‌షాట్ కూడా రాదు. నాకు చిరాకేసింది. ఇంత పెద్ద జబ్బు పెట్టుకుని ఇవేం వేషాలు అనుకున్నాను.

మా ఆవిడ ఫోన్ తెచ్చి, నా ఫోన్ స్క్రీన్‌ను ఫొటో తీశాను.

మంచి డాక్టరు దొరుకుతాడని ముగ్గురికి పంపాను. మామూలు యాప్‌లోనే. "ఎవరికీ చెప్పకండి" అని కూడా రాశాను, అదొకటి.

రెండో రోజుకు అది మా బ్యాచ్ గ్రూప్‌లోకే తిరిగి వచ్చింది. ఎవరెవరో వాడి ఫొటో పెట్టి, త్వరగా కోలుకోవాలని స్టేటస్‌లు. పరీక్ష సెంటర్ గేటు దగ్గర ఎవరో తల్లి శ్రావ్య చేతులు పట్టుకుని "మీ నాన్నకేం కాదు బిడ్డా, ధైర్యంగ రాయి" అందట.

ఆ పిల్లకు అప్పటిదాకా ఏమీ తెలియదు.

ఆ రోజు కెమిస్ట్రీ పేపర్ సగం తెల్లగా ఇచ్చి వచ్చింది.

సాయంత్రం మా బ్యాచ్ శ్రీను కోపంతో ఊగిపోతూ షాపుకొచ్చాడు. నేను అక్కడే బెంచీ మీద ఉన్నాను. "ఇది ఆ స్కానింగ్ సెంటరోళ్ల పనే. పోయి నిలదీస్త" అన్నాడు. సదానందం వద్దన్నాడు.

"ఇంకెవలికన్న పంపినవా?" అని శ్రీను సూటిగా అడిగాడు.

"లేదు" అన్నాడు సదానందం. నా వైపు చూడలేదు. "జర ఊకో శ్రీను. ఏ పుణ్యాత్ముడో. ఇడిసిపెట్టు."

నేను టీ తాగుతూ కూర్చున్నాను. నోరు తెరవలేదు. నేను పంపిన ముగ్గురూ ఇంకెవరికో పంపినవాళ్లే కాబట్టి వాళ్లూ ఆ తర్వాత ఎక్కడా బయటపెట్టలేదు.

శ్రీను పోయాక వాడు మెల్లగా అన్నాడు. "బిడ్డకు ఎట్ల చెప్పాల్నో పదిరోజుల సంది మనసుల అనుకుంటాన రా. మొదటి మాట దొరుకుతలేదు. ఇగ ఆ పని లేకుంట పోయింది."

ఒక్క మాట తిట్టలేదు. తిడితే కాళ్లు పట్టుకునేవాణ్ణి. తిట్టలేదు కదా అని నేనూ ఊరుకున్నాను. సిగ్గుగా ఉంది రాయడానికి.

ఆ తర్వాత నాకు రిపోర్టులు పంపలేదు. ఎప్పుడడిగినా "మంచిగనే ఉన్న, నువ్వు ఫికర్ చెయ్యకు" అనేవాడు. దవాఖానలో చేరిన సంగతీ చెప్పలేదు. ఎందుకు చెప్తాడు?

శ్రీనూ, స్కానింగ్ సెంటర్ వాళ్లను ఇక తిట్టకు. ఆ పుణ్యాత్ముణ్ణి నేనే.

ఈ పోస్ట్ పెట్టే ముందు శ్రావ్య దగ్గరికి పోయి మొత్తం చదివి వినిపించాను.  విన్నాక అంది. "ఎవలు పంపిండ్రు అని నాన్నను శానసార్లు అడిగిన అంకుల్. తెల్వది బిడ్డా అన్నడు."

కాసేపటికి మళ్లీ అంది. "జబ్బు పేరు తీసెయ్యుండ్రి. నాన్న ఫొటో పెట్టకుండ్రి."

తీసేశాను. పెట్టలేదు.

సదానందం, కన్నబిడ్డ అడిగినా నా పేరు చెప్పకుండానే పోయావు. ఇవ్వాళ నేనే చెప్పుకున్నాను.

నీకు శాంతి దొరకాలి రా. నన్ను క్షమించమని అడిగే ముఖం నాకు లేదు.