ఎర్ర బొత్తాం పైకి జరిపిన రాత్రి

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు కోపం వస్తుంది. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు. నాకే జరిగింది. ఈ దీవి మీదే, బాంబూఫ్లాట్‌లో, మా ఇంటి ముందు గదిలో, ఈ చెవులతో విన్నాను. ఆ క్లిప్ ఇప్పటికీ నా లాప్‌టాప్‌లో ఉంది. కావాలంటే తెచ్చి మీ ముందు పెడతాను... ప్లే మాత్రం మీరే నొక్కుకోవాలి.

నేనూ లావణ్య దీదీ కలిసి చేసిన 'గవ్వ' గురించి కొందరికి తెలుసు. తెలియనివాళ్ళకి చెబుతాను. కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం కొత్తగా నేర్చుకునేవాళ్ళకి అదొక పలక. ఫోన్లోనూ నడుస్తుంది. పెద్ద అక్షరాలుంటాయి. తప్పు రాస్తే ఎక్కడ తప్పో హిందీలో, తెలుగులో చెబుతుంది. రాసింది నడిపి చూడడానికి ఒక ఎర్ర బొత్తాం. మనవాళ్ళకి తెలుగు మాట్లాడడం వచ్చు గానీ రాయమంటే దిక్కులు చూస్తారు. అందుకే అభిప్రాయాలు చెప్పడానికి మైకు పెట్టాం. నొక్కి మాట్లాడితే చాలు. నెట్ లేకపోతే ఆ మాట ఫోన్లోనే కూర్చుని, వచ్చినప్పుడు మాకు చేరుతుంది. ఈ దీవుల్లో నెట్ సంగతి మీకు వేరే చెప్పాలా!

దాన్ని అందరికంటే ముందు వాడింది అప్పన్న బాబాయ్. మా నాన్న తమ్ముడు. హోప్ టౌన్‌లో ఉండేవాడు, చేపల వేట ఆయన పని. "నీకు అర్థమైతే దేశంలో అందరికీ అర్థమైనట్టే బాబాయ్" అని ఏడిపిస్తూ నేర్పాను. ఆయన ఊరుకున్నాడా! పట్టుబట్టి కూర్చుని, తారీకు ఇస్తే సముద్రం పోటు ఎప్పుడో పాటు ఎప్పుడో చెప్పే ప్రోగ్రాం రాసేశాడు. దానికి 'పోటు లెక్క' అని పేరు. మైకులో మాత్రం పడవలో వైర్‌లెస్ సెట్ పట్టుకున్నట్టే మాట్లాడేవాడు. "ఒడ్డూ... ఒడ్డూ... ఇనబడతందా?" అని మొదలు. చివర్న "అయిపోయింది" అనాల్సిందే. అనకుండా మైకు వదిలేవాడు కాదు.

ఒకరోజు ఒక్కడే తన చిన్న పడవ, డింగీ వేసుకుని వేటకి వెళ్ళాడు... రాలేదు. డింగీ దొరకలేదు. మనిషీ దొరకలేదు. ఫోను ఆయన మెడలోనే, ప్లాస్టిక్ సంచిలో ఉంది.

నాలుగు నెలలు చూశారు. ఇంక కర్మ జరిపించాలన్నారు పెద్దవాళ్ళు. నీలవేణి పిన్ని గాజులు తియ్యనంది. అందరూ చెప్పి చెప్పి అలసిపోయాక నన్ను పక్కకి పిలిచింది.

"బాబూ, ఆ మైకులో నీతోనే గదా మాట్టాడీవోడు. ఒక్క మాటొస్తే నాకు సెప్పు. వొస్తే నేను ఎదురు సూస్తాను, ఎవులేటన్నా సరే. రాకపోతే పెద్దోలు సెప్పినట్టే సేస్తాను."

ఆ భారం నా నోటి మీద పెట్టింది. నెల తిరిగినా నా నుంచి ఏ కబురూ లేదు. సరే అంది. ఆదివారం తెల్లవారగానే, దర్భలతో బొమ్మ చేసి, బాబాయ్ చొక్కా తొడిగి, హోప్ టౌన్ ఒడ్డున దహనం చేయాలని నిర్ణయించారు.

కొత్త 'గవ్వ' విడుదల సరిగ్గా ముందురోజు పడింది. వాయిదా వేయొచ్చు. వేయలేదు. చేతిలో పనుంటే మనసు అటు పోదనుకున్నాను.

శనివారం పొద్దున్నే వదిలాం. రూపం మొత్తం మార్చాం. మధ్యాహ్నానికి ఒకటే గోల. ఎర్ర బొత్తాం అడుగున పెట్టాం కదా, రాస్తుంటే బొటనవేలు తగిలి సగంలోనే ప్రోగ్రాం నడిచిపోతోంది. ఒకావిడైతే "మీ బొత్తాం తీసుకెళ్ళి మీ ఇంట్లో పెట్టుకోండి" అని తిట్టి పంపింది. నిజమే మరి. సాయంత్రం ఆరింటికి దాన్ని పైకి జరిపాను. అప్పటిదాకా అది అడుగునే ఉంది. ఆరు గంటలకి... ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఎనిమిదింటికి వాన మొదలైంది. నెట్ పోయింది. నేను పడుకోలేదు. రాత్రి ఒకటిన్నరకి మళ్ళీ వచ్చింది. టింగ్... టింగ్... టింగ్... ఆగిపోయిన క్లిప్పులన్నీ ఒక్కసారి పడ్డాయి. చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక్కొక్కటే వింటున్నాను. అక్షరాలు బాగున్నాయన్నారు ఒకరు. రంగు కళ్ళకి కొడుతోందన్నారు ఇంకొకరు. రాసుకుంటూ పోతున్నాను.

తర్వాతి క్లిప్... పేరు దగ్గర 'అప్పన్న' అని ఉంది.

అప్పన్నలు చాలామంది ఉంటారు. అలాగే అనుకున్నాను. నలభై ఎనిమిది సెకన్లు. వెర్షన్ దగ్గర కొత్తదాని నంబరు. నొక్కాను.

ముందు ఏమీ లేదు. ఐదారు సెకన్లు... ఏమీ లేదు. తర్వాత నీళ్ళు. అల కాదు. చెక్కకి నీళ్ళు తగిలే చప్పుడు. తప్... ఆగి... తప్... ఆగి... తప్. తర్వాత ఎవరో ఊపిరి పీల్చారు. మైకుకి బాగా దగ్గరగా.

"ఒడ్డూ... ఒడ్డూ... ఇనబడతందా?"

హెడ్‌ఫోన్ తీసేయాలని ఉంది. చెయ్యి లేవదు.

"రాజేసూ... ఎర్ర బొత్తాం పైకెట్టీసినావు. బావుంది. యేలు తగల్డం నేదు." మళ్ళీ నీళ్ళు. తప్... తప్... "మరి నా పోటు లెక్క ఏదిరా? కొత్తదాన్లో అగుపడ్నేదు. ఎతికినాను... నేదు. అది పెట్టీరా. ఇక్కడ పోటు ఎప్పుడొస్తాదో తెలవడం నేదు..."

గొంతు మామూలుగా ఉంది. ఏడుపు లేదు, భయం లేదు. చద్దన్నం తిని గట్టు మీద కూర్చుని మాట్లాడినట్టుంది. అదే నన్ను చంపేసింది. ముప్ఫై ఒకటో సెకను దగ్గర ఆపేశాను. ఇంకా పదిహేడు సెకన్లున్నాయి. ఆయన "అయిపోయింది" అనలేదు.

బ్రూక్షాబాద్‌లో ఉన్న దీదీకి ఫోన్ చేశాను. నిద్రమత్తులో ఎత్తింది. ఎలాగో చెప్పాను.

"అరే, పురానా క్లిప్ అయ్యుంటాది," అంది. "సర్వర్లో ఇరుక్కుని ఉండుంటాది. కొత్తది పెట్టాం కదా, బయటికొచ్చేసింది. బస్."

"వెర్షన్ కొత్తది దీదీ."

"చాచా పోకముందు నువ్వే కదా ఆయన ఫోన్లో ఈ కొత్తదాని టెస్ట్ కాపీ ఎక్కించావ్? నంబర్ మార్చావా?"

మార్చలేదు. అది నా తప్పే. ఇక్కడ ఇంత పెద్ద ఫైలు నెట్‌లో దిగాలంటే తెల్లారుతుంది. అందుకని ఫోన్ నుంచి ఫోన్‌కి చేత్తో ఎక్కించి ఇస్తుంటాను. వాటి నంబర్లు మార్చే ఓపిక ఉండదు. ఐదు నెలల ముందు ఎక్కించిన కాపీకీ, ఆ శనివారం వదిలినదానికీ ఒకటే నంబరు.

"మరి బొత్తాం?" అన్నాను. "పైకి పెట్టింది నిన్న సాయంత్రం కదా."

అటు మంచం కిర్రుమంది, దీదీ లేచి కూర్చున్నట్టుంది.

"ఆ టెస్ట్ కాపీలో మొదట్లో రెండ్రోజులు పైనే ఉండేది కదరా. యాద్ లేదా?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "నాకూ పక్కా తెలీదు. నువ్వు సో జా, పడుకో. చెవిన పెట్టకు ఇంక," అంది.

నాకు గుర్తు లేదు. ఇప్పటికీ లేదు. అలా ఇరుక్కుని బయటికొచ్చిన పాత క్లిప్పులు ఇంకేవైనా ఉన్నాయేమోనని మొత్తం వెతికాను... ఒక్కటీ లేదు.

ఎక్కడినుంచి వచ్చిందో కనుక్కోవచ్చు కదా అంటారు. చిన్నపిల్లలు వాడేదని మేం ఎవరెక్కడున్నారో అడగం, రాసి ఉంచుకోం. అది మేం గొప్పగా పెట్టుకున్న నియమం.

ఇంకొకటి చెప్పనా... ఫిర్యాదు నిజం. చూశాను. అన్నిటికంటే పాత పద్ధతిలో రాసిన ఫైళ్ళు కొత్తదాన్లో కనబడడం లేదు. అలాంటి ఫైలు ఉన్నది ఒక్క బాబాయ్‌కే. అందుకే ఇంకెవరూ చెప్పలేదు.

కూర్చుని సరిచేశాను. ఎందుకు చేశానో అడక్కండి. ఒకవేళ ఆయనకి కావాలేమో... చీకట్లో, ఎక్కడో, నీళ్ళ మధ్య... మూడింటికి పని పూర్తయింది. సరిచేసినది వదిలాను. వాన ఆగిపోయింది. వీధిలో కుక్క కూడా లేదు. ఫ్యాను చప్పుడొక్కటే. తెర వైపు చూస్తూ కూర్చున్నాను.

మూడూ నలభైకి... 'పోటు లెక్క' పక్కన ఒక అంకె మారింది.

తెరిచినవారు, ఒకరు.

సరిగా ఉందో లేదో చూడడానికి నేనే ఒకసారి తెరిచానా? తెరిచే ఉంటాను. ఎవరైనా తెరుస్తారు. కానీ తెరిచినట్టు గుర్తు రావడం లేదు. ఆ అంకెని చూస్తుండగానే నెట్ పోయింది.

తెల్లవారకముందే స్కూటర్ తీసి హోప్ టౌన్ వెళ్ళాను. దారంతా చెప్పేయాలనే అనుకున్నాను. ఒడ్డున మనుషులు చేరారు. బొమ్మకి అప్పటికే చొక్కా తొడిగారు, ఆ నీలం గీతలది. పిన్ని రాయి మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి ఎదురొచ్చింది. నా మొహంలో ఏం కనబడిందో, నా రెండు చేతులూ పట్టుకుంది.

"ఏటైనా వొచ్చిందేటి బాబూ?"

అందరూ నావైపే చూస్తున్నారు. ఏమని చెప్పను? బతికున్నాడనా? చచ్చినవాడు మాట్లాడాడనా? పాతదో కొత్తదో తెలియని ఒక గొంతు కోసం ఆమెని ఇంకెన్నేళ్ళు ఆ రాయి మీద కూర్చోబెట్టను? ఇవన్నీ ఇప్పుడు చెబుతున్న మాటలు. అప్పుడు నాకు ఉన్నది భయం. అంతే. పిరికితనం.

"లేదు పిన్నీ," అన్నాను.

ఆమె చేతులు వదిలేసింది. వెళ్ళి కూర్చుంది. రాయి మీద గాజులు పగిలాయి. నిప్పు పెట్టారు.

ఆ మిగతా పదిహేడు సెకన్లు నేను వినలేదు. ఆయన ఎక్కడున్నాడో చెప్పాడేమో. ఏ దీవి దగ్గరో చెప్పాడేమో. లేక ఉత్త నీళ్ళ చప్పుడేనేమో. వింటే తెలిసిపోతుంది... తెలిస్తే నేనేం కావాలి?

మొన్న వెళ్తే పిన్ని అన్నం పెట్టింది. చేపల పులుసు వడ్డిస్తూ బోసి చేతుల్ని చూసుకుని, "నువ్వు నేదన్నావు గాబట్టే తీసినాను బాబూ. ఇంకెవులు సెప్పినా తీసీదాన్ని గాదు," అంది.

తల వంచుకుని తిన్నాను.

అది పాత క్లిప్పే కదా? సర్వర్లో ఇరుక్కున్నదే కదా? ఏంట్రా అందరూ అలా ఊరుకున్నారు... ఒక్కరైనా అవునని అనండి.