పెయింటరు చొక్కాల బొంత

కొత్త దారం చేతికి రాగానే పుల్లవిరుపు మొదట చేసే పని దాన్ని అవమానించడం. రీలు నుంచి మూరెడు లాగి, వెలుతురుకు పట్టి, వేళ్ల మధ్య పురి విప్పి, పోగులు విడదీసి, చివరికి కొట్టతని మొహంలోకి చూసేది.

“దీన్ని దారం అంటారా బాబూ?”

“అందరూ అదే తీసుకెళ్తున్నారమ్మా.”

“అందరూ తీసుకెళ్తున్నారంటేనే అర్థమైందిలే ఎలాంటిదో.”

దారాలూ గుండీలూ అమ్మే ఆ ఇరుకు కొట్లో అద్దాల బీరువా నిండా రీళ్లున్నా, ఆమె మనసుకు పట్టింది ఒక్కటీ లేదు. ఒకటి నూగు రాల్చి మిషను కడుపు నింపుతుంది. ఇంకొకటి ఇస్త్రీపెట్టె వేడికి ముడుచుకుపోతుంది. మరొకటి తళతళ మెరుస్తుంది. మెరిసేదాన్ని ఆమె మనుషుల్లోనే భరించలేదు, ఇక దారంలో ఏం భరిస్తుంది?

పనిలో ఆమెకు వంక పెట్టడానికి లేదు. బొంతకు పైపొర కోసం గుడ్డముక్కలు కలిపేటప్పుడు దారం సన్నగా ఉండాలని, లేకపోతే ప్రతి అతుకూ దారం లావుకి జరిగి ముక్కల మూలలు ఒకదానికొకటి కలవవని ఆమెకు బాగా తెలుసు. ఆ పైపొర కింద దూది, దాని కింద అస్తరు పరిచి మూడూ కలిపి మిషను మీద కుట్టడానికి మాత్రం కాస్త బలమైన దారం కావాలనీ తెలుసు. తెలిసిందల్లా తనకొక్కదానికే తెలుసనుకోవడమే ఆమె జబ్బు.

ఆ జబ్బు తండ్రి నుంచి వచ్చింది. ఆయన గోడలకు రంగులు వేసే పెయింటరు. చిన్నప్పుడు ఆమెను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని వీధుల్లో తిప్పుతూ, ఇతరులు రంగు వేసిన ప్రతి గోడ ముందూ కాలు కింద పెట్టి ఆగేవాడు. “ఎవరి చెయ్యే ఇది? కుంచె పట్టాడా, చీపురు పట్టాడా?” అనేవాడు. పిల్ల కిలకిల నవ్వేది. లోకంలో పని తెలిసినవాళ్లు ఇద్దరే ఉన్నారని, ఆ ఇద్దరూ ఈ సైకిలు మీదే ఉన్నారని ఆమెకు అప్పుడే గట్టిగా నాటుకుపోయింది.

పెళ్లయింది గానీ నిలవలేదు. మొగుడు తువ్వాలు మడత పెట్టినా, తలుపు గొళ్లెం వేసినా ఆమె పెదవి ఒకవైపుకు వంగేది. “నీతో కాపురం చేస్తుంటే రోజూ పరీక్ష రాసి, రోజూ తప్పినట్టుంది” అని చెప్పి ఆయన తన దారిన తాను పోయాడు. “పాసయ్యే మొహమేనా?” అని ఆమె మిషను తెచ్చుకుని తండ్రి ఇంటి ముందుగదిలో వేసుకుంది. పుల్లవిరుపు అన్న పేరు వీధివాళ్లు పెట్టింది ఆ తర్వాతే. అది తన చెవిన పడ్డప్పుడు కూడా, పేరు పెట్టడం చేతకాలేదని వాళ్లనే ఈసడించుకుంది.

పక్క వీధిలో ఉండే చెల్లెలు కూడా బొంతలే కుట్టేది. కొత్త మిషను, వెడల్పాటి బల్ల, గోడకు మేకుల మీద రంగురంగుల పాలిస్టరు దారాలు. బొంత నిండా పూలూ తీగలూ తిప్పేది. కొనేవాళ్లు గుమ్మం ముందు నిలబడేవారు. అక్క మాత్రం, “బొంత కప్పుకున్నట్టుండదే, చాక్లెట్ కాగితం చుట్టుకున్నట్టుంటుంది” అనేది. చెల్లెలు నవ్వేసి ఊరుకునేది. అలా నవ్వి ఊరుకోవడం కూడా అక్క కంటికి చవకబారుగానే కనిపించేది.

తండ్రికి కళ్లు మసకబారి పని మానేశాక చలి ఎక్కువైంది. ఎన్ని దుప్పట్లు కప్పినా వణికేవాడు. ఒకరోజు కూతుళ్లిద్దరినీ పిలిచి, పెట్టెలోంచి తన పాత చొక్కాలన్నీ మంచం మీద కుమ్మరించుకున్నాడు. ఏళ్ల తరబడి వేసిన రంగులన్నీ వాటి మీద చుక్కలు చుక్కలుగా ఉన్నాయి.

“వీటితో నాకొక బొంత కుట్టండమ్మా. ముక్కలు పెద్దది కలుపుతుంది. పైకుట్టు చిన్నది వేస్తుంది. దాని మిషను పెద్దది కదా.”

“దాని మిషనే పెద్దది” అంది పెద్దది.

“నాకు చలేస్తోందే. మీ తగువు తర్వాత పడండి.”

ఆ పనికోసమే పుల్లవిరుపు దారాల కొట్టుకు వెళ్లింది. ఉన్నవాటిలో మంచి నూలు దారమే కొట్టతను తీసి చూపించాడు. నిజానికి దాన్ని విప్పి చూసినప్పుడు ఆమెకు వంక దొరకలేదు. వంక దొరకనందుకే ఒళ్లు మండి, “నాన్న బొంతకి ఇదా?” అని అక్కడే పడేసి వచ్చింది. ఇంటికొచ్చి బీరువా అడుగునుంచి రేకు డబ్బా తీసింది. అందులో, తనకు కుట్టుపని నేర్పిన మేనత్త ఇచ్చిపోయిన చెక్క రీళ్లున్నాయి. దారం అంటే ఇది! సన్నగా, మెత్తగా, మెరుపు లేకుండా, పరువుగా ఉంది.

కుట్టు మొదలెట్టగానే అది తెగింది. సూదిని తిట్టుకుని సూది మార్చింది. మళ్లీ తెగితే నూనె వేసింది. మళ్లీ తెగితే గాలిలో తడి లేదంది, వీధిలో పిల్లల గోలంది, చివరికి పొద్దున్నే చెల్లెలి మొహం చూశానంది. మిషను బిగింపు వదులు చేసి, చెయ్యి తేలిక చేసి, మొత్తానికి ముక్కలన్నీ కలిపి ప్రతి అతుకూ ఇస్త్రీ చేసింది. మూలలు మూలలకు అతికినట్టు కలిశాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంది. అందులో అబద్ధం లేదు.

చెల్లెలు తీసుకెళ్లడానికి వచ్చి, అంచున వేలాడుతున్న దారం కొసను ఊరికే లాగింది. పుటుక్కున తెగింది.

“అక్కా, ఈ దారం ఎప్పటిది?”

“నువ్వు పుట్టకముందుది. నీకు తెలిసే రకం కాదులే.”

చెల్లెలు తెగిన కొసను వేలికి చుట్టుకుంది. ముక్కల గుడ్డ మడిచి చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

బొంత తిరిగొచ్చాక పుల్లవిరుపు ఒంటికాలి మీద లేచింది. పూలూ లేవు, తీగలూ లేవు. నిమ్మపండు రంగు దారంతో ఈ చివరి నుంచి ఆ చివరిదాకా అటూ ఇటూ గీతలే, రెండు వేళ్లు పట్టనంత దగ్గర దగ్గరగా.

“బొంత కుట్టమంటే జల్లెడ చేశావేంటే? ఇంత లావు దారం, ఇంత కొట్టొచ్చే రంగు! నాన్న చొక్కాల మీద నీ సంతకం కనబడాలా?”

“నాన్నకి నచ్చితే చాలక్కా.”

నాన్నకు నచ్చింది. కళ్లకు ఆనని బొంతను చేత్తో తడుముకుంటూ, ఆ గీతల వెంట వేళ్లు జరుపుతూ పడుకునేవాడు. అది చూసి పెద్దకూతురు లోపల్లోపలే విసుక్కునేది. తను కలిపిన మూలలు వదిలేసి గీతలు తడుముతాడేమిటి ఈ మనిషి?

కొన్నాళ్లకు ఆయన బొంత మీద టీ ఒలకబోసుకున్నాడు. పుల్లవిరుపు దాన్ని తొట్టిలో నానబెట్టి, పిండి, పెరట్లో తీగ మీద వేసింది. నీళ్లు కారే బరువుకు ఒక అతుకు విడింది. చూస్తుండగానే దాని పక్కది, దాని కిందది. ఎక్కడ పడితే అక్కడ ముక్కల మధ్య నోళ్లు తెరుచుకుని లోపలి దూది కనిపించింది. ముక్కలు మాత్రం రాలిపడలేదు. నిమ్మరంగు గీతలు వాటిని పట్టుకుని ఉన్నాయి.

కబురు పంపితే చెల్లెలు పరుగున వచ్చింది.

“నీ తాడులాంటి దారం గుడ్డని కోసేసింది, చూడు!”

చెల్లెలు ఒక అతుకు దగ్గర వేలు పెట్టింది. “గుడ్డ ఎక్కడ చిరిగిందక్కా? దారమే తెగింది. పాతబడి కుళ్లిపోయింది.”

“మరి ఆరోజే తెలిస్తే నోరెందుకు పెగల్లేదు?”

“చెప్తే వినేదానివా? వినవనే కదా, అతుకు ఊడినా ముక్క జారిపోకుండా అంత దగ్గరగా కుట్టాను.”

ఇంతలో గోడ పట్టుకుంటూ తండ్రి పెరట్లోకి వచ్చి తడి బొంత మీద చెయ్యి వేశాడు. అతుకు వెంట వేలు జరిపాడు. వేలు దూదిలోకి దిగింది. ఆయన పెదవి ఒకవైపుకు వంగింది.

“ఎవరి చెయ్యే ఇది?”

సైకిలు మీద వినడానికి ఎంతో బాగున్న మాట. తనవైపు తిరిగితే ఎలా ఉంటుందో ఆమెకు అంతదాకా తెలియదు. తల కొట్టేసినట్టయింది. ఒక్క క్షణం మొగుడి మొహం కళ్లముందు మెదిలింది, తువ్వాలు పట్టుకుని నిలబడ్డప్పటి మొహం.

“ఇద్దరం కుట్టాం కదా నాన్నా” అంది చెల్లెలు.

ఆ జాలి ఇంకా దుర్భరంగా తోచింది. “దాని కుట్టు బాగానే ఉంది. ఊడింది నాది” అంది పుల్లవిరుపు. ఆ మాటైనా సవ్యంగా అనలేదు, విసిరికొట్టినట్టే అంది.

తండ్రి ఓదార్చలేదు. ఆ అలవాటు ఆయనకూ లేదు. “అయితే మళ్లీ కుట్టు. రాత్రికి చలేస్తుంది” అని లోపలికి వెళ్లిపోయాడు.

ఆమె కొట్టుకెళ్లి, తాను పడేసిన నూలు దారాన్నే అడిగింది. కొట్టతను నవ్వు ఆపుకోవడం ఆమె చూసింది. “ఆ పళ్లు దాచుకో బాబూ, దుమ్ము పడుతుంది” అని రీలు లాక్కుని, అక్కడికక్కడే ఒక వార లాగి రెండు చేతులా గుంజి చూసింది. తెగలేదు.

ఆరిన బొంతను మంచం మీద పరిచి అక్కచెల్లెళ్లిద్దరూ చెరోవైపు కూర్చున్నారు. విప్పి మళ్లీ కలపాలంటే గీతలన్నీ పోతాయి కనుక, విడిన అతుకులను పైనుంచే చేత్తో కుట్టుకుంటూ వచ్చారు. కుట్టు బయటికి కనిపించింది. దాచడానికి వీల్లేకపోయింది.

“ముడి అలా వేస్తారా ఎవరైనా? రేగ్గింజంత ఉంది.”

“నీ ముళ్లు నువ్వు చూసుకో అక్కా.”

“చూసుకుంటున్నాలే” అంది పుల్లవిరుపు. కాసేపయ్యాక బొంత మీద నుంచి చెయ్యి చాచింది. “ఆ నిమ్మరంగు దారం ఏ రకమో ఒకసారి చూపించు. నచ్చి కాదు. ఊరికే.”

చెల్లెలు సంచీలోంచి రీలు తీసిచ్చింది. ఆమె దాన్ని వెలుతురుకు పట్టి, పురి విప్పి, పోగులు విడదీసి చాలాసేపు చూసింది. ఏమీ అనకుండా తిరిగి ఇచ్చేసి, సూదిలోకి దారం ఎక్కించుకుంది.