బొమ్మకు వేసిన కుర్చీ

నేను పడ్డాను. ఈ ముక్క ముందే చెప్పేస్తే మధ్యలో మీరు కంగారు పడే శ్రమ తప్పుతుంది. పడింది మేడ మీంచి కాదు, స్కూటర్ మీంచీ కాదు. ప్రమాదాలు జరక్కుండా చూడడానికి జీతం పుచ్చుకుంటున్న చోట, నేనే గీయించిన పసుపు గీత మీద, నేనే రాయించిన ‘జాగ్రత్తగా నడవండి’ బోర్డు కింద పడ్డాను. పడేసింది ఎవరయ్యా అంటే, ప్రాణం లేని ఒక ఆడమనిషి. నవ్వదలుచుకున్నవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. తరవాత మీకు అంత వీలు చిక్కకపోవచ్చు.

కొన్నేళ్ళ కిందటి మాట. స్పిన్నింగు మిల్లులో సూపర్‌వైజరుగా చేసి అప్పుడే రిటైరయ్యాను. వయసుకి పెద్దవాణ్ణే కాని రిటైర్మెంటుకి పసివాణ్ణి. నాకు చిన్నప్పటి నుంచీ డైరీ రాసే అలవాటు. రిటైరైన మర్నాడు రాయడానికి ఏమీ దొరక్క ‘కాఫీ తాగాను. మళ్ళీ తాగాను’ అని రాశాను. అది చూసి మా ఆవిడ శారద, "మీరు ఎక్కడో ఒకచోట ఉద్యోగంలో చేరండి. లేకపోతే నేను చేరతాను" అంది.

అలా కోటేశ్వరరావు గారి చొక్కాల యూనిట్‌లో సేఫ్టీ ఆఫీసరుగా చేరాను. పర్చూరు నుంచి చీరాల వెళ్ళే దారిలో, మిరప చేల మధ్య, ఎప్పుడో మూతబడ్డ పత్తి మిల్లు షెడ్డులో కుట్టు మిషన్లు వరసగా పెట్టించారాయన. పత్తి వెళ్ళిపోయి చాలా కాలమైంది కాని దూలాల మీద దూది నూగు మిగిలిపోయింది. ఫ్యాన్లు తిరిగితే రాలేది. ఫ్యాన్లు ఆగిపోయినా, ఆకు కదలని రోజున కూడా, ఒక్కో పోగూ తీరిగ్గా దిగి కుడుతున్నవాళ్ళ భుజాల మీద వాలేది. పై నుంచి ఎవరో దులుపుతున్నట్టు ఉండేది. అక్కడ పనిచేసే ఆడవాళ్ళు పైకి చూసేవారు కాదు. నేను వచ్చాక అందరికీ టోపీలు, ముక్కుకి మాస్కులు పెట్టించాను. దాంతో ఎవరు ఎవరో గుర్తుపట్టే వీలు కూడా పోయింది.

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాళ్ళు వెనక ఆనుకోవడానికి ఏమీ లేని స్టూళ్ళ మీద, మిషన్ మీదికి వంగి కుట్టేవారు. లేచేటప్పుడు అందరి చెయ్యీ నడుం మీదికే పోయేది. నేను ఊరుకుంటానా? కూర్చునే పద్ధతి మీద ఉపన్యాసాలు మొదలుపెట్టాను.

"వెన్ను నిటారుగా ఉండాలి. భుజాలు వదులుగా ఉండాలి. మోచేతులు బల్ల ఎత్తుకి రావాలి."

"ఆనుకోడానికి వెనకాల ఏం లేదు గదా సారూ, దేనికి ఆనుకోమంటారు?" అంది రత్నం. కాలర్లు కుట్టేది. ఆవిడ నోరు మిషన్ కంటే వేగం.

"క్రమశిక్షణకి ఆనుకో అమ్మా" అన్నాను. ఆ మాట ఎంత బాగుందనిపించిందంటే, ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను కూడా.

అయినా మనసు ఒప్పక, కుర్చీలు కొనమని కోటేశ్వరరావు గారిని అడిగాను. దేవుడు నడుమిచ్చినా యజమాని కుర్చీ ఇవ్వడని సామెత మార్చుకోవాలి.

"ఒకటి కొనండి మాస్టారూ. శాంపిల్‌గా. వాళ్ళు కూర్చునే తీరు మారితే మిగతావి చూద్దాం" అన్నారాయన, తన గుండ్రంగా తిరిగే మెత్తటి కుర్చీలో అటూ ఇటూ ఊగుతూ.

గుంటూరు వెళ్ళి మంచి కుర్చీ తెచ్చాను. ఎత్తు మార్చుకోవచ్చు, నడుముకి సరిగ్గా వంపు ఉంది. తెచ్చాక చిక్కొచ్చింది. ఒక్కరికిస్తే మిగతా అందరికీ కోపం. నేను పద్ధతి ప్రకారం ఆలోచించే మనిషిని. రెండు రోజులు ఆలోచించి, అందరికీ న్యాయం జరిగేలా నిర్ణయం తీసుకున్నాను. ఎవరికీ ఇవ్వలేదు. బొమ్మకిచ్చాను.

గుంటూరు బ్రాడీపేటలో ఒక బట్టల కొట్టువాళ్ళు బట్టలు తొడిగి చూపించే మనిషంత పాత బొమ్మల్ని తీసేస్తుంటే, కూర్చున్న భంగిమలో ఉన్నది ఒకటి తెచ్చాను. ఆటోలో నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను. డ్రైవరు అద్దంలో చూసి చూసి, "మేడం గారు అస్సలు రెప్పెయ్యట్లేదండీ" అన్నాడు. వెయ్యడానికి ఆవిడకి కళ్ళు లేవు. రంగు ఊడిపోయి ఆ చోట రెండు తెల్లటి మచ్చలున్నాయి. ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు. అదీ మంచికే అనుకున్నాను. సూది దగ్గర అజాగ్రత్తగా ఉంటే ఏమవుతుందో చూపించొచ్చు.

దానికి తెల్లకోటు తొడిగి, టోపీ, మాస్కు, కళ్ళజోడు పెట్టి, చివరి వరస మూలలో ఖాళీ మిషన్ ముందు కొత్త కుర్చీలో కూర్చోబెట్టాను. పేరు ఆదర్శ అని పెట్టాను. "రోజూ పనిలో కూర్చునే ముందు ఒకసారి ఆదర్శని చూడండి" అని చెప్పాను.

చూశారు. చాలాసేపు చూశారు. బొమ్మని చూస్తున్నారనే అనుకున్నాను. వాళ్ళు చూసింది కుర్చీని అని తెలియడానికి నా ఎముక ఒకటి విరగాల్సి వచ్చింది.

వారం తిరక్కుండానే వాచ్‌మన్ ఏసోబు నా దగ్గరికొచ్చాడు. "సారూ, ఆ బొమ్మ తల అటు తిరిగుంది. నిన్న ఇటుంది."

"నీ తల తిరిగుంటుంది" అన్నాను.

మర్నాడు నేనే చూశాను. తల గోడ వైపు తిరిగి ఉంది. సరిచేశాను. ఆ మర్నాడు కుర్చీ మీద ఒక తలపిన్ను దొరికింది. ఇంకో రోజు బొమ్మ ముందున్న మిషన్‌లో సగం కుట్టిన కాలరు ఉంది. దారం తెగలేదు, సూది గుడ్డలోనే దిగి ఉంది. రెండు వేళ్ళు లేని ఆ చెయ్యి గుడ్డ మీద ఆనించి ఉంది. కుడుతూ కుడుతూ నా అడుగుల చప్పుడు విని ఆపినట్టు ఉంది. కుట్టు మాత్రం చాలా తిన్నగా వచ్చింది. ఆ సంగతి ఒప్పుకోవాలి.

"ఎవరు కుట్టారు ఇది?" అని షెడ్డంతా వినబడేలా అడిగాను. మాస్కులన్నీ కుట్టు మీదికి వంగాయి. మిషన్లన్నీ ఒక్కసారి ఆగి, మళ్ళీ ఒక్కసారే మొదలయ్యాయి.

ఆ తరవాత ఒక సోమవారం పొద్దున్నే, ఎవరూ రాకముందే, ఏసోబుని వెంటబెట్టుకుని షెడ్డు తాళం నేనే తీశాను. ఆదివారమంతా మూసి ఉంది. లోపల చల్లగా, పాత పత్తి వాసన వేస్తోంది. బొమ్మ కొద్దిగా పక్కకి జరిగినట్టు అనిపించి, సరిచేద్దామని కుర్చీ మీద చెయ్యి పెట్టాను.

వెచ్చగా ఉంది.

మనిషి అప్పుడే లేచి వెళ్ళిన కుర్చీ ఎలా ఉంటుందో అలా ఉంది. నేను చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాను. ఆ చెయ్యి చాలాసేపు నాది కాదన్నట్టే ఉంది.

కోటేశ్వరరావు గారికి చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. పైకి మాత్రం బల్ల గుద్ది, "దెయ్యం లేదు, గియ్యం లేదు. వచ్చేవారం ఆర్డరిచ్చేవాళ్ళు చూడ్డానికి వస్తన్నారు. ఈ పుకారు బయటికి పోయిందా, పనికి ఒక్కరు రారు. ఇదెవరి పనో కనిపెట్టండి మాస్టారూ. దొరికినవాళ్ళని ఆ పూటే తీసేస్తా" అన్నారు.

"కనిపెడతానండీ" అని మాటిచ్చాను. మాటిస్తే నిలబడే మనిషిని. నిలబడడం వరకే నా చేతిలో ఉంది, పడడం కాదు.

మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజులవి. ఆ మధ్యాహ్నం గాలి మా వైపు తిరిగింది. ఘాటుకి అందరికీ కళ్ళు, ముక్కులు కారుతుంటే షట్టర్లన్నీ దింపేశారు. అంతలో కరెంటు పోయింది. ఆడవాళ్ళు అన్నాలు తినడానికి వెనక రేకుల పందిట్లోకి వెళ్ళారు. నేను ఇదే అదననుకుని, చప్పుడు చెయ్యకుండా పక్క తలుపులోంచి లోపలికొచ్చాను.

చీకటి కాదు, వెలుతురూ కాదు. పైన పగిలిన రేకులోంచి ఒక్క గీత ఎండ పడుతోంది. అందులో దూది దిగుతోంది. మిషన్లు వరసగా తలలు వంచుకుని ఉన్నాయి. చివర మూలలో తెల్లకోటు ఒక్కటే కనిపిస్తోంది. వెన్ను నిటారుగా, భుజాలు వదులుగా, మోచేతులు సరిగ్గా బల్ల ఎత్తున. ఎంత చక్కగా కూర్చుందో. భయపడాల్సిన మనిషిని మురిసిపోయాను. దగ్గరికెళ్ళి, నెమ్మదిగా, మనసులో మాట పైకే అన్నాను.

"ఇంతమందిలో నా మాట విన్నది నువ్వొక్కతివే తల్లీ."

బొమ్మ దగ్గింది.

అయ్యా, నేను చాలా దగ్గులు విన్నాను. స్పిన్నింగు మిల్లులో దగ్గు వినని రోజు లేదు. కాని నేను పేరు పెట్టి, నేను కోటు తొడిగి, కళ్ళు లేవని నాకు తెలిసిన బొమ్మ, మాస్కు వెనక నుంచి రెండుసార్లు దగ్గి, నెమ్మదిగా నా వైపు తల తిప్పితే, ఏ ఉపన్యాసమూ గుర్తురాదు. ‘లోపల పరుగెత్తరాదు’ అన్న బోర్డు పక్క నుంచే పరుగెత్తాను. కటింగు బల్ల దాటుతుండగా కింద నుంచి ఒక చెయ్యి నా పంచె పట్టుకుంది. వంగి చూశాను. ఆ చేతికి రెండు వేళ్ళు లేవు.

అక్కడే, పసుపు గీత మీద, నిలువునా పడ్డాను. మణికట్టు దగ్గర ఎండు పుల్ల విరిగిన చప్పుడైంది.

తెల్లకోటు లేచి నా మీదికి వచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను.

"సారూ, నేను సారూ, రత్నాన్ని. కళ్ళు తెరవండి సారూ. మీరు పోతే నన్ను జైల్లో పెడతారు."

తెరిచాను. మాస్కు తీసిన రత్నం. కటింగు బల్ల కింద గుడ్డ కప్పిన అసలు ఆదర్శ, చెయ్యి బయటికి చాచుకుని, వేళ్ళ మొండికి నా పంచె తగిలించుకుని పడుకుని ఉంది.

"ఆ కుర్చీలో నువ్వా?"

"నేనొక్కదాన్నే కాదు సారూ. అన్నాల టైములో అందరం వంతులేసుకుని కూకుంటన్నాం. ఎవరన్నా తొంగి చూసినా బొమ్మే అనుకోవాలని కోటు తొడుక్కుంటన్నాం." ఆవిడ గొంతు తగ్గింది. "నా నడుం సంగతి మీకు తెలుసు గదా. ఇంకొక్క రోజు మానేస్తే రావద్దన్నారు. ఆ కుర్చీలో కాసేపు కూకుంటే సాయంత్రం దాకా కుట్టగలుగుతున్నా. చెప్పబాకండి సారూ. మా ఇంట్లో సంపాదన నాదొక్కదే."

"మరి నిటారుగా ఎలా కూర్చున్నావు? ఎన్నిసార్లు చెప్పినా కూర్చోనిదానివి?"

"నేనేం కూకోలేదు. అదే కూకోబెట్టింది" అంది రత్నం.

అంతలో పక్క తలుపు దగ్గర కోటేశ్వరరావు గారి గొంతు వినబడింది. ఆయన మాత్రం గడప దాటలేదు. రత్నం మిషన్ చాటుకి ఒదిగిపోయింది.

"మాస్టారూ, బతికే ఉన్నారా?"

"ఉన్నానండీ."

"ఎవరో కనిపెట్టారా?"

రత్నం చీకట్లోంచి రెండు చేతులూ జోడించింది. పేరు చెప్తే నా మాట నిలబడుతుంది, ఆవిడ కుటుంబం పడిపోతుంది. ఉద్యోగమంతా ఒక్క తప్పుడు రిపోర్టు రాయనివాణ్ణి. నేల మీద పడుకుని, నా మొదటి తప్పుడు రిపోర్టు నోటితో ఇచ్చాను.

"కనిపెట్టానండీ. బొమ్మే."

"ఏం చేసింది?"

"మాట్లాడింది."

"ఏమంది?"

"‘అందర్నీ స్టూళ్ళ మీద కూర్చోబెట్టి నా ఒక్కదానికే కుర్చీ వేశారు. వాళ్ళందరి నడుం నొప్పీ దిష్టయి నాకు తగులుతోంది, నేను మోయలేను’ అందండీ."

"ఇంకా?"

చెయ్యి భగ్గున మండుతోంది. ఆ కోపంలో ఇంకో మాట పడింది. "మీ గుండ్రంగా తిరిగే కుర్చీ ఏ గదిలో ఉందని అడిగిందండీ."

ఆర్డరు వాళ్ళు వచ్చేలోపే అందరికీ కుర్చీలొచ్చాయి. నా ఉపన్యాసాలూ, నా అర్జీ చెయ్యలేని పనిని ఒక్క దగ్గు చేసింది. గేటు దగ్గర నేనే వేలాడదీయించిన ‘ప్రమాదం లేకుండా గడిచిన రోజులు’ పలకని మాత్రం చెరిపి సున్నా చేశారు. ఆ సున్నా నాదే. నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం అక్కడ జరిగిన ప్రమాదం అదొక్కటే అని గర్వంగా చెప్పుకోగలను.

ఇంటికి కట్టుతో వస్తే శారద అంతా విని, మజ్జిగ చేతికిచ్చి, ఒక్కటే అడిగింది. "ఇంతకీ కుర్చీ బొమ్మకెందుకు వేశారు? దానికి నడుం నొప్పా?"

కట్టు విప్పాక డైరీలో మొట్టమొదట రాసింది ఆ ప్రశ్నే.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కట్టులో ఉండగా రత్నం చూడ్డానికొచ్చింది. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది.

"సారూ, సోమారం పొద్దున కుర్చీ వెచ్చగా ఉందన్నారంట. ఏసోబు చెప్పాడు."

"మీరెవరో కూర్చుని ఉంటారులే."

"మేం అన్నాల టైములోనే గదా కూకునేది. పొద్దున్నే తాళం తీసింది మీరేనంట గదా."

"అయితే ఏసోబు."

"వాడా? ఆ తల తిరగడం చూసిన కాణ్ణించి వాడు గేటు దగ్గర నుంచి కదలడు. ఆ బొమ్మున్న షెడ్డులోకి ఒంటరిగా పొమ్మంటే ఉద్యోగమే మానేస్తానంటాడు."

"అయితే ఎండ పడి ఉంటుంది."

"ఆ మూలకి ఎండెక్కడిది సారూ" అని, ఆవిడ వెళ్ళిపోయింది.

కట్టు విప్పాక మళ్ళీ పనిలో చేరాను. అందరూ కుర్చీల్లో నిటారుగా కూర్చుని కుడుతున్నారు. కుర్చీలు అందరికీ సరిపోయేసరికి, ఆదర్శని ఎవరో పాత స్టూలు మీదికి మార్చారు. మూలలో, వెనక ఆనుకోవడానికి ఏమీ లేకుండా కూర్చుని ఉంది. దాని కుడి చెయ్యి మిషన్ మీద ఉంది. ఎడమ చెయ్యి, రెండు వేళ్ళు లేనిది, వెనక్కి మడిచి నడుం మీద పెట్టుకుని ఉంది.

"ఎవరు పెట్టారు ఆ చెయ్యి అలాగ?" అని అడిగాను. ఈసారి ఎవరూ మాస్కు పెట్టుకోలేదు. అందరి మొహాలూ కనబడుతున్నాయి. ఒక్కరూ నవ్వలేదు. పై నుంచి దూది పోగు ఒకటి దిగి, దాని టోపీ మీద వాలింది.

అందుకని పెద్దల సాక్షిగా, డైరీ సాక్షిగా, సరిగ్గా అతుక్కోని నా మణికట్టు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట మనిషికి వెయ్యనిదే బొమ్మకు కుర్చీ వెయ్యను. ఎవరికీ క్రమశిక్షణకి ఆనుకోమని చెప్పను. ఖాళీ కుర్చీ కనబడితే దాని మీద చెయ్యి పెట్టి చూడను.

ఆ రోజు మాత్రం ఆఫీసు గదిలోకి వెళ్ళి, నా కుర్చీ మోసుకొచ్చి బొమ్మకి వేశాను. మిగిలిన ఉద్యోగమంతా నిలబడే చేశాను.