సంఘమంతా ఆమెన్ అంది

నా భర్త కుడిచెయ్యి పడిపోయిన సంగతి నేను ముందు డాక్టరుకు చెప్పాను, తర్వాత శుక్రవారం స్త్రీల కూడికలో చెప్పాను. డాక్టరు మందులిచ్చాడు. కూడికలో విన్న ఒకామె ఆ సంగతిని మోసుకుపోయి వేరేవాళ్ల ఇంట్లో పెట్టింది. ఆమె గురించి రాస్తున్నాను. ఆమె చదివితే మంచిదే.

మాది పోచంపల్లి వైపు నేత కుటుంబం. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న చేనేత బట్టల కొట్టు నడిపేవాడు. ఇల్లు గడ్డిఅన్నారంలో. మా సంఘం ఎల్బీనగర్‌లో ఒక ఫర్నిచర్ షాపు పైఅంతస్తులో కూడుతుంది. బడిలో చేరకముందే ఆదివారపు బడిలో వాక్యాలు కంఠతా పట్టినదాన్ని నేను. ఏ భక్తుడు ఎక్కడ ఏడ్చాడో, ఎక్కడ శత్రువు మీద తీర్పు అడిగాడో నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

శుక్రవారం కూడికకు ఒక పద్ధతి ఉంది. చాపల మీద గుండ్రంగా కూర్చుంటాం. ఒక్కొక్కరూ తమ ప్రార్థన మనవి చెప్పుకుంటారు. మొగుడి తాగుడు, కోడలి మాట, కడుపులో గడ్డ, ఏదైనా సరే. అక్కడ చెప్పింది చాప దాటి బయటికి పోదు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన అవసరం అప్పటిదాకా రాలేదు.

కూడిక నడిపించేది ఆమే. గుంటూరు వైపు మనిషి. మాట మెత్తన, పాట తీయన. మా అమ్మాయి చదివే ప్రైవేటు స్కూల్లో పన్నెండో తరగతి పిల్లలను యూనివర్సిటీలకు పంపే విభాగం ఆమె చేతిలో ఉండేది. స్కూల్లో కౌన్సెలర్ మేడమ్, మాకు సిస్టర్. మా పిల్ల చదువు మన విశ్వాసి చేతిలో ఉందని నేను స్తోత్రం చెప్పిన రోజులున్నాయి.

ఆ కూడికలో నేను చెప్పింది ఇది. పక్షవాతం వచ్చాక ఆయన ఎడమచేత్తో సంతకం పెట్టడం కూడా రాక, చంటిపిల్లాడిలా పలక మీద గీతలు గీయాల్సి వచ్చింది. సిగ్గుతో పలకను గోడకేసి కొట్టాడు. మరుసటిరోజు మా అమ్మాయి తన కుడిచేతిని చున్నీతో నడుముకు కట్టేసుకుని ఆయన పక్కన కూర్చుంది. "డాడీ, నాకూ రాదు. ఎవరికి ముందొస్తదో చూద్దాం" అంది. ఆ చున్నీ విప్పకుండా ఎడమచేత్తోనే అన్నం తిన్నది. మెతుకులన్నీ ఒళ్లో పడుతుంటే ఆయన జబ్బుపడ్డాక మొదటిసారి నవ్వాడు. ఇద్దరూ పోటీపడి రాశారు. ఇది చెప్పి నేను చాప మీద కుప్పకూలి ఏడిస్తే, ఆమె నా వీపు నిమిరింది. "ఎంత సాక్ష్యమండీ అక్కా ఇది!" అంది.

తర్వాత దరఖాస్తుల కాలం వచ్చింది. బెంగుళూరు దగ్గర ఒక ప్రైవేటు యూనివర్సిటీ ఫీజు మాఫీతో కొన్ని సీట్లిస్తుంది. దానికి మార్కులొక్కటే చాలవు. పిల్ల తన జీవితం గురించి ఒక వ్యాసం రాయాలి, స్కూలు కౌన్సెలర్ దానికి సిఫారసు జతచేసి పంపాలి. కొట్టు మూతపడ్డాక ఆ సీటు తప్ప మాకు వేరే దారి లేదు. మా అమ్మాయి సహజంగానే వాళ్ల నాన్న గురించి రాసుకుపోయింది. కౌన్సెలర్ చదివి పక్కన పెట్టేసింది.

"జబ్బుల కథలు అందరూ రాస్తున్నారమ్మా. చదివేవాళ్లకి విసుగొచ్చేసింది. నువ్వు చెరువు శుభ్రం చేయడం గురించి రాయి."

ఆ చెరువు దగ్గర మా పిల్ల ఒక్క పూట గ్లౌజులు తొడుక్కుని ఫోటో దిగింది, అంతే. అయినా మేడమ్ చెప్పింది కదా అని ప్లాస్టిక్ మీద, చేపల మీద ఏదో రాసింది. ఇంటికొచ్చి, "మమ్మీ, ఆ చేపలు కూడా నమ్మవు నన్ను" అంది.

నెలాఖరుకు దరఖాస్తు పోవాలి. దానికి కొంచెం ముందు స్కూలువాళ్లు తల్లిదండ్రుల సభ పెట్టారు. పైతరగతుల్లోకి వచ్చే పిల్లలకు మంచి వ్యాసం ఎలా ఉంటుందో వినిపిస్తారట. ఆయన్ను మెల్లగా నడిపించుకుని తీసుకెళ్లాను. చంపాపేట్‌లో అపార్ట్‌మెంట్లు కట్టే ఒక బిల్డర్ కూతురు వేదిక ఎక్కింది. ఆ పిల్ల దరఖాస్తు అప్పటికే అదే యూనివర్సిటీకి వెళ్లిపోయిందని, వ్యాసం అద్భుతమని కౌన్సెలర్ మైకులో పరిచయం చేసింది. ఆ పిల్ల ఇంగ్లీషులో చదవడం మొదలుపెట్టింది. వాళ్ల తాతకు పక్షవాతం వచ్చిందట. పలకను గోడకేసి కొట్టాడట. ఈమె తన కుడిచేతిని చున్నీతో కట్టేసుకుందట.

నాకు ఇంగ్లీషు కొంచెం వచ్చు. ఆయనకు అంతకంటే తక్కువ. కానీ ఆ పిల్ల చెయ్యి నడుముకు ఆనించి చూపించినప్పుడు ఆయన నా వైపు తిరిగాడు. అప్పటికి ఆయనకు మాట ముద్దగా వచ్చేది.

"ఏమే... గది... మన పిల్ల కదా?"

చుట్టూ జనం చప్పట్లు కొడుతున్నారు. మా ముందు వరుసలో ఒకాయన కళ్లు తుడుచుకుంటున్నాడు. నా భర్త నెలల తరబడి పడ్డ సిగ్గుకు వేరేవాళ్ల తాత పేరు మీద చప్పట్లు పడుతున్నాయి.

సభ అయ్యాక కౌన్సెలర్‌ను వరండాలో ఆపాను. "సిస్టర్, గా కథ నేను నీకు చెప్పింది కాదా?" అన్నాను.

ఆమె కళ్లార్పలేదు. "అయ్యో అక్కా, కథలు ఒకేలా ఉంటాయండీ. పక్షవాతం మీ ఒక్కరింట్లోనే వచ్చిందా ఏంటి?" అని నవ్వింది. తర్వాత నా భుజం మీద చెయ్యేసి గొంతు తగ్గించింది. "అమ్మాయి సిఫారసు ఇంకా నా దగ్గరే ఉంది. ఇలాంటప్పుడు మనం ప్రశాంతంగా ఉండాలి కదా."

ఆ చేతిని నేను తీసేశాను.

ఇంటికొచ్చాక ఆయన ఒక్కటే మాట. "ఒదిలెయ్యి. బిడ్డ సీటు పోతది." మా అమ్మాయి తాను రాసిన చేపల వ్యాసాన్ని ఫోన్‌లో తెరిచి చూస్తూ కూర్చుంది. నేను నోరు విప్పితే ఆ సిఫారసు ఎలా వస్తుందో నాకు తెలుసు. నోరు మూసుకుంటే మా పిల్ల వాళ్ల నాన్నను దాచేసుకుని చేపలతో పోటీకి వెళ్లాలి. అది కూడా ఓడిపోవడానికే.

పగను ప్రభువుకు అప్పగించాలని నాకు చిన్నప్పటినుంచీ నేర్పారు. సరే, అప్పగించాను. సంఘమంతా వినేలా అప్పగించాను.

ఆదివారం ఆరాధనలో పాటలయ్యాక ప్రార్థన మనవుల కోసం మైకు తిప్పుతారు. ఒకామె వీసా గురించి అడిగింది. ఒకాయన బోరులో నీళ్లు పడాలన్నాడు. మైకు నా దగ్గరికి రాగానే లేచి నిలబడ్డాను.

"మా ఇంట్ల దొంగతనం జరిగింది" అన్నాను.

పాస్టరుగారు కంగారుపడ్డారు. "అయ్యో! ఏం పోయిందమ్మా?"

"నా పెనిమిటి పడ్డ బాధ పోయింది అయ్యగారూ. నా బిడ్డ చేసిన సేవ పోయింది. శుక్రవారం చాప మీద ఏడ్సుకుంట చెప్పిన. అక్కడ కూసున్న మనిషే ఎత్తుకపోయి వేరేవాళ్ల బిడ్డకు తొడిగింది. పేరు చెప్ప. ప్రభువుకు ఎర్కే."

ఆమె మూడో వరుసలో తన అత్తగారి పక్కన కూర్చుని ఉంది. నేను ఆమెను చూస్తూనే ప్రార్థన చేశాను.

"ప్రభువా, నువ్వు చూసినవ్. తీసుకున్నది తిరిగిచ్చేదాక ఆ మనిషికి తిన్నది ఒంటికి పట్టనియ్యకు. పండుకుంటే నిద్ర రానియ్యకు. పాట ఎత్తుకుంటే గొంతు రానియ్యకు. నీ సన్నిధిల తల ఎత్తనియ్యకు. సంఘమంతా నాతోటి ఆమెన్ అనాలె."

మా సంఘంలో ఎవరు ప్రార్థన ముగించినా ఆమెన్ దానంతటదే వస్తుంది. సంఘమంతా ఒక్క గొంతుతో అంది. ఆమె పెదాలు కదలలేదు. పక్కనున్న అత్తగారు తిరిగి కోడలి మొహంలోకి చూసింది. అప్పుడు అంది. తన మీద తీర్పుకు తానే ఆమెన్ అంది. సభ నుంచి వచ్చినప్పటినుంచీ చచ్చిపోయిన ఆకలి నాకు ఆ రోజు మళ్లీ వేసింది.

పేరు చెప్పాల్సిన పని పడలేదు. చాప మీద నా కథ విన్న ఆడవాళ్లలో ఇద్దరి పిల్లలు అదే స్కూలు. వాళ్లు కూడా సభలో ఆ వ్యాసం విన్నారు. ఆరాధన అయ్యాక టీ తాగేలోపే రెండు కథలూ ఒకటేనని పోల్చుకున్నారు. ఆ తర్వాతి శుక్రవారం ఆమె ఎప్పటిలాగే చాప మీద కూర్చుని, "మనవులు చెప్పండి" అంది.

"ఏం లేవమ్మా, అందరం మంచిగనే ఉన్నం" అంది ఒకామె.

"ఏమండీ, పోయిన వారం మోకాళ్ల నొప్పన్నారుగా?" అని మా పెద్దావిడను అడిగింది.

ఆ ముసలామె కాళ్లు చాపుకుని, "వద్దు బిడ్డా. నా మోకాళ్ల నొప్పి చెప్తే ఏ యూనివర్సిటీకి పోతదో ఏమో!" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె పాట ఎత్తుకుంది. గొంతు పలకలేదు. ఇది నేను కల్పించి చెప్పడం లేదు, ఆ రోజు అక్కడున్నవాళ్లను అడగండి.

ఆ ఆడవాళ్లంతా కలిసి ప్రిన్సిపాల్ దగ్గరికి పోదామని మాట్లాడుకుంటున్నట్టు ఆమెకు తెలిసింది. నన్ను స్కూలుకు పిలిపించింది. నేను మా అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లాను. అద్దాల గదిలో ముగ్గురమే.

"మీ అమ్మాయికి అన్నిటికంటే మంచి సిఫారసు రాస్తానక్కా. ఆ ప్రార్థన మాత్రం వెనక్కి తీసుకోండి."

"చేపల కథకు నీ సిఫారసు ఎందుకు? నా బిడ్డ వాళ్ల నాన్న గురించి రాసిందే పోవాలె. గా బిల్డర్ పిల్లకు నువ్వే ఇచ్చినవని యూనివర్సిటీకి రాయి. ఇప్పుడే. నా ముందు."

"నా ఉద్యోగం పోతుందండీ."

"పోతది."

"నాకూ పిల్లలున్నారక్కా!"

"నాకు లేదా? గిదేంది నీ ముందు కూసున్నది?"

ఆమె ఏడ్చింది. నేను బల్ల మీదున్న నీళ్ల సీసాను ఆమె వైపు జరిపి కూర్చున్నాను. ఏడుపు ఆగాక టైపు చేసింది. పంపబోతుంటే మా అమ్మాయిని చదివి తెలుగులో చెప్పమన్నాను. పిల్ల చదువుతూ ఒకచోట ఆగింది.

"మమ్మీ, 'పొరపాటున కలిసిపోయింది' అని రాసింది మేడమ్."

"తియ్యమను."

"అక్కా, ఆ ఒక్క మాటైనా ఉంచండి" అంది ఆమె.

"పొరపాటున నా వీపు నిమిరినవా? తియ్యి."

తీసేసింది. 'తెలిసి చేశాను' అని రాసింది. పంపింది. తర్వాత మా అమ్మాయి అసలు వ్యాసాన్ని సిఫారసుతో కలిపి పంపించేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు.

బిల్డర్ కూతురి దరఖాస్తును యూనివర్సిటీ కొట్టేసింది. ఆ బిల్డర్ వచ్చి స్కూల్లో గొడవ చేశాడు. కౌన్సెలర్ ఉద్యోగం పోయింది. ఆ పిల్ల ఏం పాపం చేసిందని మా సంఘంలో కొందరు నన్నడిగారు. వేదిక మీద తాతను తలుచుకుని గొంతు వణికించింది కదా, అది ఎవరు నేర్పారో వాళ్లనే అడగమన్నాను. నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ కలగడం లేదు.

యూనివర్సిటీవాళ్లు మా అమ్మాయిని వీడియోలో ఇంటర్వ్యూ చేశారు. వ్యాసం నీదేనని ఎలా నమ్మాలని ఒకాయన నేరుగానే అడిగాడు. పిల్ల ఫోన్ తిప్పి వాళ్ల నాన్నను చూపించింది. "వీరే. మీరే మాట్లాడండి" అంది. ఆయన ముద్దమాటతో, తెలుగులో, వాళ్లకు అర్థమయ్యిందో లేదో పట్టించుకోకుండా చాలాసేపు మాట్లాడాడు. మా పిల్ల ఇంగ్లీషులో చెబుతూ పోయింది. సీటు వచ్చింది. ఫీజు మాఫీతోనే వచ్చింది.

అంతా అయ్యాక పాస్టరుగారు ఇంటికొచ్చారు. "సీటొచ్చింది. దేవుడు న్యాయం చేశాడు. ఇంక క్షమించాలి కదమ్మా" అన్నారు.

"ఆమె క్షమించమని అడిగిందా అయ్యగారూ?"

"మనసులో అడిగే ఉంటుంది."

"నా పెనిమిటి బాధను మనసుల ఎత్తుకపోలేదు. మా మెట్లెక్కి ఆయన ముందర నిలబడి అడగాలె."

"అప్పటిదాకా మనసులో పగ పెట్టుకుని ప్రభు బల్లలో ఎలా పాలు పొందుతావమ్మా?"

"పొందను" అన్నాను.

వాక్యం తెలిసినదాన్ని కాబట్టే ఆ మాటన్నాను. పగతో రొట్టె తినకూడదని నాకు తెలుసు. పగను వదులుకోవడం ఇష్టం లేదు కాబట్టి రొట్టెనే వదులుకున్నాను. నెల మొదటి ఆదివారం, ప్రభువు మరణానికి గుర్తుగా తీసుకునే రొట్టె పళ్లెం, ద్రాక్షరసం వరుసలో వస్తాయి. మా ఆయన తీసుకుని, "తీస్కోయే, ఇంకెన్ని దినాలు?" అని గొణుగుతాడు. నేను పళ్లేన్ని పక్కామెకు అందిస్తాను. పిల్లప్పటినుంచి ఒక్క నెల కూడా మానని దాన్ని. దాహంగానే ఉంటుంది. ఓర్చుకుంటాను.

ఆమె ఇప్పుడు సైదాబాద్‌లో వేరే సంఘానికి పోతోందట. అక్కడా పాటలు పాడుతోందట, అక్కడా శుక్రవారాలు చాపలు పరుస్తారట. అక్కడా నెలకోసారి బల్ల ఉంటుంది. ఆమె చెయ్యి చాచి తీసుకుంటుందని నాకు తెలుసు. మా మెట్లు ఎక్కేదాకా ఆ ముక్క ఆమె గొంతు దిగకూడదని ప్రతి రాత్రీ మోకరించి అడుగుతున్నాను. ఇప్పుడు నా పక్కన ఆమెన్ అనడానికి ఎవరూ లేరు. నేనే అనుకుంటాను.