కొత్తల్లుడికి డిక్కీ ఉండదు

ఆ జర్మనీ కార్ల షోరూములో ఆయన్ని అందరూ గుడ్డాయన అంటారు. చేతిలో గుడ్డ లేకుండా ఆయన్ని చూసింది లోకంలో ఒక్క ఆయన భార్యే. ఇంట్లో భోజనాల బల్ల కూడా ఏనాడూ తుడిచి ఎరగడని ఆవిడ ఇరవై రెండేళ్ళుగా చెబుతూనే ఉంది. పగలంతా తుడిచి వచ్చినవాడి కంటికి సొంత దుమ్ము ఆనదని ఆయన వాదన.

ఆ ఇరవై రెండేళ్ళలో మొదటి సగం వెనక షెడ్డులో గడిచింది. గొట్టం పట్టుకుని, మోచేతుల దాకా సబ్బు నురగలో మునిగి, సర్వీసుకొచ్చిన బళ్ళన్నీ కడగడమే పని. చేతులు పగిలి, ఆ పగుళ్ళలో సబ్బు మండి, చివరికి చొక్కా బొత్తాలు భార్య పెట్టాల్సి వచ్చేది. తర్వాత ఎవరి చలవో గానీ షోరూములోకి మార్చారు. ఇక్కడ నీళ్ళ ఊసే లేదు. చల్లటి గది, కదలని కార్లు, మెత్తటి పొడిగుడ్డ. లోకంలో ఉద్యోగాలు రెండే రకాలని ఆయన గట్టి నమ్మకం: తడిగుడ్డవి, పొడిగుడ్డవి.

వచ్చిన చిక్కల్లా పేర్లతోనే. ఆ కంపెనీవాళ్ళకి కార్లు చేయడం వచ్చినంత బాగా పేర్లు పెట్టడం రాలేదు. ముందొక అక్షరం, మధ్యలో మూడంకెలు, తోకకి ఇంకో అక్షరం. షోరూముకి వచ్చిన మొదటివారంలో ఒకటి తుడవమంటే ఆయన ఇంకోటి తుడిచాడు. తుడవని దానికి తెల్లప్యాంటు కస్టమరొకడు ఆనుకుని నిలబడ్డాడు. ఆ ప్యాంటు వెళ్ళిపోయిన మర్నాడే ఆయన కార్లన్నిటికీ వరసలు కలిపేశాడు.

నల్లగా, పొడుగ్గా గోడవారగా ఉన్నది పెదనాన్న. పెదనాన్న స్టీరింగు ముట్టుకోడు. వెనకసీట్లో కాళ్ళు చాపుకుంటే సీటే నడుం పిసుకుతుంది, తలుపు చప్పుడు లేకుండా దానంతటదే మూసుకుంటుంది. అదే ముఖం, అదే ముక్కు, కాస్త పొట్టిది బాబాయి. హంగులు తక్కువైనా స్టీరింగు తనే పట్టుకుని హుషారుగా తిరిగే రకం. ఏడు సీట్ల ఎత్తు బండి మేనత్త. ఎంతమంది పిల్లలొచ్చినా, ఎన్ని మూటలొచ్చినా సర్దుకోండర్రా అంటూ లోపలేసుకుంటుంది, రోడ్డు మీద మాత్రం తను జరగదు. కప్పు తెరుచుకునేది బావమరిది, పైన ఖాళీ కాబట్టి. కరెంటుబండి తోడికోడలు. అదెప్పుడొచ్చి వెనక నిలబడిందో తెలియదు, తెలిసేసరికి మనం అనకూడనివన్నీ అనేసి ఉంటాం. ఇక గది నడుమ గుండ్రటి అరుగు మీద దీపాల కింద మెరిసే ఎర్రటి స్పోర్ట్సు కారు కొత్తల్లుడు.

ఈ వరసలు ఆయన నోట్లోనే ఉండిపోతే బాగుండేది. సేల్సువాళ్ళు పట్టుకున్నారు, వర్కుషాపువాళ్ళు పట్టుకున్నారు. ఇంతలో కొత్త మేనేజరు వచ్చాడు. చక్కటి సూటు, చూపుడువేలు మాత్రం చెడ్డది. పొద్దున్నే ప్రతి కారు మీదా ఆ వేలు అడ్డంగా గీసి, వెలుతురుకి ఎత్తి, దుమ్ముందా అని చూసేవాడు. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా? మూడో రోజుకల్లా మేనేజరుకీ వరస కుదిరిపోయింది: ఆడపడుచు. ఆ ఒక్క వరస మాత్రం గుసగుసగానే తిరిగేది.

ఒక రోజు మేనేజరు ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని లోపలికి వస్తుండగా, పెదనాన్నని కాస్త వెనక్కి తోయండి, మేనత్త బయటికి రావాలి అని ఎవరో కేకేశారు. పెద్దమనిషి కంగారుగా తప్పుకుని తోవ ఇచ్చాడు. సాయంత్రం మేనేజరు గుడ్డాయన్ని గదిలోకి పిలిపించాడు.

"ఇది షోరూమా, చుట్టాలిల్లా? ఇంకోసారి కస్టమరు ముందు మీ నోట ఈ వరసలు వినపడితే, వెనక షెడ్డులో గొట్టం ఖాళీగానే ఉందండీ."

ఆ రాత్రి గుడ్డాయనకి అన్నం సయించలేదు. భార్య ధైర్యం చెప్పి, వంటింటి డబ్బాలు ఆరు వరసగా పేర్చి, అక్షరాలూ అంకెలూ వల్లె వేయించింది. పెద్ద డబ్బా చూపిస్తే పెదనాన్న అనేవాడు, నాలుక కరుచుకుని అంకె చెప్పేవాడు. వారం తిరిగేసరికి అయిదు వచ్చేశాయి. ఎర్రమూత డబ్బా దగ్గర మాత్రం నోరు తిరగలేదు.

"రానిదాని జోలికి పోకండి," అంది ఆవిడ. "తలుపులు తెరవకముందే దాన్ని తుడిచేసి, తర్వాత ఆ చాయలకే వెళ్ళకండి."

నాలుగు రోజులు అలాగే గడిచాయి. అయిదో రోజు ఆడపడుచు వేలికి ఎర్రకారు మీద ఇంత దుమ్ము తగిలింది. మళ్ళీ తుడవమని మేనేజరు పక్కనే నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే బేకరీ నడిపే ఒకావిడ భర్తతో, కొత్తగా వచ్చిన అల్లుడితో ఆ అరుగు దగ్గరికి చేరింది. ముప్ఫై ఏళ్ళు రొట్టెల వ్యాను తనే తోలి, ఇప్పుడు తనకంటూ ఒక మంచి కారు కొనుక్కుందామని బయల్దేరిన మనిషి. హోదాకి నల్లటిది తీసుకోమని భర్త. ఎర్రటిదే అని అల్లుడు. అత్త సొమ్ము అల్లుడు దానమంటే అచ్చం ఇదే. సేల్సతను అరగంటగా ఏ కారుకి ఎన్ని గుర్రాల బలమో చెబుతుంటే ఆవిడ ఆవలింతలు ఆపుకుంటోంది.

చివరికి గుడ్డాయన వైపు తిరిగింది. "ఏమండీ, రోజూ తుడిచేవాళ్ళు, మీరు చెప్పండి. దీన్నేమంటారు?"

గుడ్డాయన చేతిలో గుడ్డ ఆగింది. అక్షరం గుర్తొచ్చింది. మొదటి అంకె గుర్తొచ్చింది. ఆ తర్వాత ఎర్రటి డబ్బామూత తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు.

"కొత్తల్లుడండీ," అన్నాడు.

అసలు అల్లుడు గిరుక్కున తిరిగాడు. "నన్నేనా పిలిచారు?"

మేనేజరు కళ్ళు మూసుకున్నాడు. గుడ్డాయన అది చూశాడు. మునిగినవాడికి చలేమిటనుకుని ఇక దాచలేదు. "దీన్నండీ. ఎక్కాలంటే ఎంతటివాళ్ళైనా వంగాల్సిందే. ఇద్దరికే చోటు. తిండి ఎక్కువ, గొంతు ఇంకా ఎక్కువ. చిన్న గుంటొచ్చినా అలుగుతాడు. చేతిసంచి పడితే గొప్ప, డిక్కీ ఉండదనుకోండి. కొత్తల్లుడు సామాను మోస్తాడా అండీ?"

ముందు నవ్వింది భర్త. ఆయనా ఒకప్పుడు ఓ ఇంటికి కొత్తల్లుడే. అల్లుడి ముఖం కారు రంగులోకి వచ్చింది. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ మిగతావాటి వరసలు కూడా అడిగింది. గుడ్డాయన గుడ్డ భుజాన వేసుకుని ఒక్కో కారు దగ్గరా ఆగి అన్నీ చెప్పాడు. పోయేదెలాగూ పోయింది, ఇక దాచేదేముందన్నది ఆయన లెక్క. మేనత్త దగ్గరికి రాగానే ఆవిడ తలుపు తెరిచి స్టీరింగు ముందు కూర్చుంది.

"నలుగురు తమ్ముళ్ళ పిల్లలు, మొత్తం పదకొండు మంది నన్ను పిలిచేది ఆ పేరుతోనే," అంది. "ఇంక వేరేవి చూపించకండి."

కాగితాల పని అయ్యేసరికి సాయంత్రమైంది. మేనేజరు పిలుస్తున్నాడని కబురొచ్చింది. గుడ్డాయన గుడ్డని నాలుగు మడతలు పెట్టి, అప్పగించేద్దామని చేత్తో పట్టుకుని వెళ్ళాడు.

మేనేజరు గుడ్డ వైపు చూడలేదు. "నాకూ ఏదో వరస కలిపే ఉంటారు. ఏంటది?"

గుడ్డాయన తన చేతులకేసి చూసుకున్నాడు. పదకొండేళ్ళలో పగుళ్ళు పూడి మామూలు చేతులయ్యాయి. ఆ చేతులంటే ఆయనకి ఎంత ప్రాణమో అప్పుడే తెలిసింది. పెద్దన్నయ్య అంటే సరిపోయేది. కానీ ఒక వరస అబద్ధం ఆడితే మిగతావన్నీ అబద్ధమైపోతాయనిపించింది.

"ఆడపడుచండీ," అన్నాడు. "మీరు వేలితో దుమ్ము చూస్తారు కదా, అందుకని."

మేనేజరు తన వేలికేసి చూసుకున్నాడు. "వెళ్ళండి," అన్నాడు.

ఎక్కడికి వెళ్ళమన్నాడని ఇంట్లో భార్య అడిగింది. అదే తెలియలేదన్నాడు. ఆవిడ అటక మీద నుంచి పాత పగుళ్ళ మలాము డబ్బా దింపి, దుమ్ము దులిపి, బల్ల మీద పెట్టింది.

పొద్దున ఆయన షోరూముకి వెళ్ళేసరికి మేనేజరు నల్లకారు పక్కన వేలెత్తి ఉన్నాడు. గుడ్డాయన్ని చూడగానే ఆ వేలు సగంలో ఆగి జేబులోకి వెళ్ళిపోయింది.

"పెదనాన్న ఎడమ అద్దం మీద మరకుంది. చూడండి," అన్నాడు.

మరక నిజంగానే ఉంది. పొడిగుడ్డకే పోయింది.