సన్నెకల్లు కింద ఇనుప రేకులు

మొన్న హాల్లో కొత్తగా పెట్టించిన ఫ్యాను తిరగనని మొరాయిస్తే, నారాయణగూడ నుంచి వచ్చిన మెకానిక్ దాన్ని విప్పి, లోపల ఒకదానిమీద ఒకటి పేర్చిన పల్చటి ఇనుప రేకులు చూపిస్తూ, "వీటికి వెల్డింగ్ లేదమ్మా, గమ్ముతోనే అతికించిండ్రు, అందుకే సప్పుడు రాదు" అన్నాడు. అతనికి అది కొత్త సంగతి. నాకు మాత్రం పెళ్లయిన కొత్తలో చిక్కడపల్లిలో మేమున్న మేడమీది గదీ, గదినిండా బంక వాసనా గుర్తొచ్చి, కాఫీ కలపబోతూ నవ్వుకుంటూ నిలబడిపోయాను.

మావారు ఉద్యోగం మానేసి స్టెబిలైజర్లు తయారుచేయడం మొదలుపెట్టిన రోజులవి. కరెంటు ఎప్పుడు తగ్గుతుందో, ఎప్పుడు ఎగిరిపడుతుందో తెలియని ఆ కాలంలో టీవీ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆ పెట్టె ఉండాల్సిందే కదా. మా మొదటి పెట్టె కింది వాటాలో ఉండే అక్క కొనుక్కుంది. వారం తిరక్కుండానే చంకలో చంటిదాన్నీ, చేతిలో పెట్టెనూ పట్టుకుని మెట్లెక్కి వచ్చి, "ఏంది తమ్మీ, తుమ్మెదను పెట్టిచ్చినవా? గుయ్యిమంటనే ఉంది, పిల్ల పండుకుంటలేదు" అంది. ఆవిడ బాగాలేదంటే మా గల్లీలో ఇంకెవరూ కొనరు. ఆ పూట మావారు అన్నం ముట్టలేదు.

లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌లో రేకులు వదులుగా ఉండి, కరెంటు పారినప్పుడల్లా వణకడంవల్లే ఆ రొద. బోల్టులు ఎంత బిగించినా తగ్గలేదు. రేకుల్ని అతికించేస్తేనో అనుకుని, ఇద్దరం కోఠి వెళ్లి బంక డబ్బాలు తెచ్చుకున్నాం. మొదటిసారి నేను అట్లపిండి పరిచినట్టు దట్టంగా రాసేసరికి కట్ట లావెక్కి, చివరి రేకులు వాటిని దూర్చాల్సిన రాగి తీగచుట్టలో పట్టనే లేదు. అవి పక్కన పడేసి, ఈసారి పాత చీర గుడ్డతో, అద్దంమీద ఊపిరి తగిలి మసకేసినంత పల్చగా నేను అద్దుతుంటే ఆయన ఒక్కొక్కటే అందుకుని పేర్చారు. పైన మా అత్తగారిచ్చిన సన్నెకల్లు బరువుపెట్టి, డాబామీద నా మినప వడియాల పక్కనే ఎండబెట్టాం. కాకుల్ని తోలుతూ రెంటికీ నేనే కాపలా.

మర్నాడు సాయంత్రం ఆ రేకుల్ని తిరిగి పెట్టెలో బిగించి, కింది వాటాకు తీసుకెళ్లి స్విచ్చి వేస్తే, అక్క పెట్టెకు చెవి ఆనించి కాసేపు విని, "నడుస్తలేదు గదా ఇది" అంది. అంతలోనే టీవీలో బొమ్మ పడింది. పక్కన చాపమీద పిల్ల నిద్రపోతోంది. అది లేస్తుందేమోనని నోటికి చేతులడ్డం పెట్టుకుని, శబ్దం లేకుండా ముగ్గురం కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాం. తర్వాత ఆవిడే అశోక్‌నగర్‌లోని చెల్లెలిచేతా, హిమాయత్‌నగర్‌లోని మరిదిచేతా కొనిపించింది. ఆ వేసవంతా డాబామీద నా వడియాలకు చోటే దొరకలేదు.

ఇప్పుడు ఆ మేడ ఉన్నచోట పరీక్షలకు చదువుకునే పిల్లల హాస్టల్ లేచింది. వస్తువులన్నీ చప్పుడు లేకుండా బుద్ధిగా నడుస్తున్నాయి, మంచిదే. కానీ నిలదీయడానికి వచ్చిన మనిషే జన్మంతా అక్కగా మిగిలిపోయిన రోజులు మనవి. ఇప్పుడు ఏది పాడైనా ఫోను నొక్కితే కొత్తది గుమ్మంలోకి వస్తుంది. తెచ్చినవాడు మాత్రం, మంచినీళ్లు తాగి వెళ్లు నాయనా అన్నా ఆగడు.