సడలించే చేయి

మేడమ్ పోయారని అన్న ఫోన్ చేసినప్పుడు నేను మెహదీపట్నంలో చేవెళ్ల బస్సు ఎక్కుతున్నాను. "బిడ్డా, మేడమ్ పోయింది" అన్నాడు. అన్న అంటే మేడమ్ భర్త. కాలేజీలో మేమంతా మేడమ్ మేడమ్ అంటుంటే విని విని, ఆయన కూడా మా ముందు భార్యను అలాగే అనేవాడు. అది విని ఇన్నేళ్లూ నవ్వుకున్నాం. ఆ పొద్దున వెనకనుంచి ఎవరో తోస్తుంటే బస్సెక్కి, ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ చేతిలోకి తీసుకున్నాక గాని నాకు ఏడుపు రాలేదు.

మొయినాబాద్ దగ్గర ఓ ఫార్మసీ కాలేజీలో ఆమె బయోకెమిస్ట్రీ చెప్పేవారు. నేను ఆమె దగ్గరే చదువుకుని, అక్కడే ఉద్యోగంలో చేరి, స్టాఫ్‌రూమ్‌లో ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాను. మాది భీమవరం వైపు నుంచి వచ్చిన కుటుంబం. "నీ అండీలు అన్ని తీసేస్తే నువ్వు చెప్పే పాఠం పావుగంటల అయిపోతది" అని ఏడిపించేవారు. ఏడిపిస్తూనే తన డబ్బాలోంచి జొన్నరొట్టె, టమాట తొక్కు నా డబ్బా మూతలో పెట్టేవారు. వద్దంటే వినే మనిషి కాదు.

నరాల పాఠం వచ్చిందంటే మేడమ్ క్లాసులో చెప్పేవారు కాదు. మమ్మల్ని షేర్ ఆటోల్లో ఎక్కించి కాలేజీ దగ్గర్లోనే ఉన్న హిమాయత్‌నగర్ అనే పల్లెలో తమ టమాట తోటకు తీసుకుపోయేవారు. అక్కడ సాళ్ల వెంట కట్టెలు పాతి, మొక్కల్ని సుతిలి తాడుతో ఆ కట్టెలకు కడుతూ ఉండేవాడు అన్న. మేడమ్ గట్టు మీద నిలబడి మొదలుపెట్టేవారు.

"నరం లోపల గూడ గిట్లనే కట్టెలుంటయి. వాటి వెంబడే సరుకు పోతది. ఆ కట్టెలను పడిపోకుండ పట్టి ఉంచే సుతిలి పేరు టౌ. అదొక ప్రోటీన్. దానికి ఫాస్ఫేట్ అంటుకుంటే పట్టు సడలుతది. సడలుడు తప్పు గాదు. మొక్క లావైతుంటే మనం కట్టు వదులు చేస్తలేమా? ఫాస్ఫేట్ అంటించే ఎంజైమ్ ఒకటి, తీసేసే ఎంజైమ్ ఒకటి. సడలించే చేయి, బిగించే చేయి. రెండూ పనిచేస్తేనే నరం బతుకుతది."

"బిగించేది పని మానేస్తే?" అని ఎవరో ఒకరు అడిగేవారు. అడిగేదాకా ఆమె ఆగేవారు కూడా.

"ఫాస్ఫేట్ మీద ఫాస్ఫేట్ అంటుకొని టౌ కట్టెను వదిలేస్తది. వదిలినది ఊకుంటదా? ఒకదానికొకటి చుట్టుకొని ఉండలైతది. కట్టెలు కూలుతయి, సరుకు ఆగుతది. ఆ మనిషికి సొంత బిడ్డల పేర్లు గూడ యాదికుండవు."

"మీ మేడమ్ నాకు రోజూ ఇదే చెప్తది. ఒక్క టమాట మాత్రం తెంపదు" అని అన్న సాలు అవతలనుంచి అనేవాడు.

తర్వాత మేము తలా ఒక మొక్క కట్టాలి. పట్నం పిల్లలం, శక్తికొద్దీ బిగించేవాళ్లం. మేడమ్ వెనకే వచ్చి ప్రతి ముడినీ వేలితో వదులు చేసేవారు. "గంత బిగిస్తే దానికి ఊపిరెట్లాడుతది? జర సడలించు." ఆమె దగ్గర అన్నిటికీ అదే మాట. మార్కులు తగ్గి ఏడ్చే పిల్లకూ అదే, ప్రిన్సిపల్‌తో గొడవపడి వచ్చిన నాకూ అదే. ఆ మాట వినడానికే ఒక్కోసారి గొడవపడేదాన్నేమో.

తోటదాకా ఓపిక లేదని ఒక ఏడు ఆ పాఠం క్లాసులోనే మొదలుపెట్టారు. అప్పటికి నేనూ అక్కడే పాఠాలు చెబుతున్నా, ఆ పాఠం మళ్లీ వినాలని వెనక బెంచీలో కూర్చుని ఉన్నాను. మధ్యలో ఆగి, "గా సుతిలి పేరేంది?" అన్నారు. ప్రశ్న వేశారనుకుని ముందు వరస పిల్ల "టౌ, మేడమ్" అంది. "వెరీ గుడ్" అని మేడమ్ నవ్వారు. ఆమె చేయి బల్ల అంచును ఎంత గట్టిగా పట్టుకుందో నేను చూశాను.

దవాఖానకు పోయి వచ్చాక స్టాఫ్‌రూమ్‌లో నాతో అన్నారు. "డాక్టర్ నాకు బొమ్మ గీసి చెప్పబోయిండు. నా తలకాయల ఏమైతున్నదో నాకు ఎరికే గద. ఎరికై ఏం లాభం, చేయి పెట్టి తీయలేను." రొట్టె విరిచి ఇచ్చారు. ఇద్దరం తినలేదు.

ఉద్యోగం మానేశాక మేడమ్ పొద్దున్నే తోటలోకి పోయి సుతిలి విప్పడం మొదలుపెట్టారు. కాయల బరువుకి మొక్కలు నేల మీద పడేవి. విప్పిన సుతిలి అంతా ఆమె కొంగులో ఉండలై ఉండేది. అది మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు మండింది, ఎవరి మీదో తెలియదు. ఆమె పక్కన కూర్చుని చిక్కు తీయబోయాను. లాగిన కొద్దీ బిగుసుకుంది.

"నువ్వు ఎవల బిడ్డవమ్మా?" అన్నారు.

"మీ స్టూడెంట్‌నండి, మేడమ్."

"అట్లనా" అని నా వేళ్ల మీద చేయి వేశారు. "జర సడలించు."

పంట పాడవుతుంటే అన్న తమ్ముడు ఒకరోజు నా ముందే అన్నాడు. "వదినెను అర్రల పెట్టి గొళ్లెం వెయ్యే. ఇట్లయితే ఇల్లెట్ల గడుస్తది?" తప్పు మాటేమీ కాదు. ఆ ఇంటికి తోట తప్ప వేరే ఆధారం లేదు. అన్న మాత్రం, "ఆమె చేయి కట్టేసుడు నాతోని గాదు" అన్నాడు.

బోరు పక్కన రెండు సాళ్లు ఆమెకు వదిలేశాడు. అడవిపందులు రాకుండా కట్టినట్టు మిగతా తోట చుట్టూ పాత చీరలు కట్టాడు. ఆ రెండు సాళ్లూ మేడమ్ పొద్దున విప్పేవారు, ఆయన సాయంత్రం కట్టేవాడు. జ్వరం వచ్చి మంచం పట్టేదాకా అలాగే సాగింది. జ్వరంతో పాటు మింగడం కూడా మరిచిపోయారు. ఆ తర్వాత ఎక్కువకాలం లేరు.

దినాల భోజనాలు అయ్యాక నేనూ అన్నా తోటకు వెళ్లాం. చీరలు గాలికి ఊగుతున్నాయి. బోరు పక్క రెండు సాళ్లూ ఏపుగా నిలబడి ఉన్నాయి. కట్టిన కట్టు కట్టినట్టే ఉంది. అన్న వంగి ఒక మొక్క కాండాన్ని తడిమాడు. కాండం లావై, సుతిలి లోపలికి కోసుకుపోయింది.

"సూడు బిడ్డా, ఎట్ల బిగుసుకపోయినయో. ఈ పని ఆమెది గద" అన్నాడు.

నేను చేయి చాపితే వద్దన్నాడు. ముడిని గోటితో తవ్వి తవ్వి వదులు చేశాడు. కాయలతో ఉన్న ఆ మొక్క మెల్లగా ఒరిగి ఆయన ముంజేతి మీద వాలింది. తిరిగి కట్టడానికి భుజం మీద సుతిలి ఉంది. ఆయన దాన్ని తీయలేదు. మొక్కను అలాగే పట్టుకుని నిలబడ్డాడు.